భయపడవలసిన అవసరం లేదు

నాగులేటికి మొదటి వరద తెప్పించినవాణ్ణి నేనే. కాగితం మీద తెప్పించాను. రెండో వరద దానంతట అదే వచ్చింది. మొదటిదాని మీద విచారణ జరిగింది, మార్గదర్శకాలు వచ్చాయి, మా రేడియో కేంద్రానికి ఓ ప్రశంసాపత్రం కూడా వచ్చింది. రెండోదాని మీద విచారణ ఇంకా తేలలేదు. తేలదు కూడా. ఎందుకు తేలదో తెలిసిన నలుగురిలో నేనొకణ్ణి. మొన్ననే రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

నా పేరు అప్పలాచారి. ఆ కేంద్రంలో నాటక విభాగం నాది. విభాగమంటే ఏదో ఊహించుకునేరు. నేను, ఓ బల్ల, వాన చప్పుడు కోసం ఓ రేకు, దాని మీద పొయ్యడానికి డబ్బాడు కందులు. వారానికో నాటిక రాసి, ఊళ్ళో సరదా ఉన్నవాళ్ళని పిలిచి రికార్డు చేసి, ఆదివారం సాయంత్రం ఐదింటికి ప్రసారం చేసేవాణ్ణి. పదహారేళ్ళలో బాగుందని గానీ బాగులేదని గానీ ఒక్క ఉత్తరం ముక్క వచ్చిన పాపాన పోలేదు.

ఆ ఏడు ఆగస్టులో వారం రోజులుగా ముసురు. ఊరికి ఎగువన నాగులేటి మీద సూదిగట్టు ప్రాజెక్టు. దిగువన ఏటి పక్కనే ఏటొడ్డుపేట, ఆరొందల గడప. గట్టుకి ఏమైనా అయితే ముందు మునిగేది ఆ పేటే. ముసురు చూస్తూ కూర్చుంటే నాకో నాటిక తోచింది. ప్రాజెక్టు గట్టుకి గండి పడుతుంది, ఇంజనీరు గారు ఫోన్లో మాట్లాడతారు. ఇంజనీరు పాత్రకి జగ్గునాయుడు తప్ప మరొకరు నా మనసుకి రాలేదు.

కిల్లాన జగ్గునాయుడు ప్రాజెక్టు ఆఫీసులో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేసి దిగిపోయాడు. పదకొండు మంది ఇంజనీర్లకి మంచినీళ్ళు అందించిన చెయ్యి అది. మామూలుగా మాట్లాడితే అచ్చం ఏటొడ్డుపేట మనిషే. మైకు ముందు నిలబెట్టి "నువ్వు ఇంజనీరువి" అన్నామా, గొంతు సవరించుకోవడం దగ్గర్నుంచీ మారిపోయేవాడు. మాట మధ్యలో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నట్టు కూడా వినిపించేది. నాటికలో అతని మాట ఇది:

"ప్రాజెక్టు వద్ద పరిస్థితి పూర్తిగా అదుపులో ఉన్నది. ఉన్నతాధికారులు ఎప్పటికప్పుడు సమీక్షిస్తున్నారు. ప్రజలు భయపడవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు."

నేను రాసింది మొదటి వాక్యమే. మిగతా రెండూ అతనే కలిపాడు. "ఇయి నేకపోతే ఇంజనీరు అవడు బాబూ" అన్నాడు. నిజమే అనిపించి ఉంచేశాను.

ప్రసారం నాడు నాటికకి ముందు జీడిమామిడి సాగు గురించి ఓ ప్రముఖుడి ప్రసంగం ఉంది. ప్రముఖులు ఎంతసేపు మాట్లాడినా కొయ్యకూడదన్నది మా కేంద్రం ఆచారం. ఆయన నాలుగు నిమిషాలు ఎక్కువ మాట్లాడారు. ఆ నాలుగు నిమిషాలూ ఎవరి నెత్తిన పడాలి? నాటిక నెత్తిన. డ్యూటీలో ఉన్నాయన నాటిక మొదలు కోసేశాడు. ఆ మొదట్లోనే ఉంది, "ఇప్పుడు నాటిక వింటారు" అన్న ముక్క, రాసినవాడి పేరు, నటించినవాళ్ళ పేర్లూను. జీడిమామిడి మొక్కలకి పాదులు చెయ్యడం గురించి వింటున్న ఊరికి చెప్పాపెట్టకుండా ఫోన్ గంట వినిపించింది. దాని వెనక వాన, వాన వెనక ఇంజనీరు గారి దగ్గు.

"భయపడవలసిన అవసరం లేదు" అన్న మాట ఐదూ పదికి వచ్చింది. ఐదూ పాతికకి ఏటొడ్డుపేటలో నరమానవుడు లేడు.

నేను సైకిలేసుకుని వెళ్ళేసరికి జనమంతా మెట్ట మీది హైస్కూలుకి ఎక్కేస్తున్నారు. కోళ్ళగంపలు, కుట్టుమిషన్లు, మంచాల మీద ముసలమ్మలు. ఒకాయన సగం గెడ్డంతో, మెళ్ళో తువ్వాలుతో నడుస్తున్నాడు. వెనకాలే మంగలి, కత్తి చేతిలో పట్టుకుని, "మిగతాది పైన గీసేస్తాను, నువ్వు నడువు ముందు" అంటున్నాడు. అందరికంటే ముందు హైస్కూలు ఆవరణలోకి చేరిన బండి ఏదంటే ప్రాజెక్టు ఆఫీసు జీపు. అందులో అసలు ఇంజనీరు గారు, సకుటుంబంగా.

"గట్టు బాగానే ఉందని మీకు తెలియదుటండీ?" అని అడిగాను.

"నాకెలా తెలుస్తుందండీ! అంత పద్ధతిగా ప్రకటిస్తుంటే, పైవాళ్ళు నాకు చెప్పకుండా ఇచ్చారేమో అనుకున్నాను" అన్నారాయన.

కాసేపటికి జగ్గునాయుడు రొప్పుకుంటూ ఎక్కి వచ్చాడు. నాకు మతిపోయింది. "నువ్వెందుకయ్యా పరిగెత్తావు? ఆ గొంతు నీదే కదా!"

"నాదే బాబూ. టీ కొట్టు కాడ కూకోని అందరికీ సెప్తన్నాను, అది నానేరా, నానేరా అని. ఆ మాట ఇనీసరికి కాళ్ళు ఆగినాయి కావు. నానే అనీసినాను, నానే లగెత్తీసినాను."

అతని భార్య పోలమ్మ నెత్తిన మూట, మూట మీద ట్రాన్సిస్టరు. నాటిక ఇంకా నడుస్తూనే ఉంది. "ఈ మడిసి గొంతు నాకు తెల్దేటి బాబూ? తెలిసే వొచ్చీసినాను. ఆపీసులో ముప్పై ఏళ్ళున్నోడు, లోపలి సంగతి ఆడికి తెలకుండా ఉంటాదేటి?" అంది.

అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఓ దూడ తప్పిపోయి సోమవారం దొరికింది.

వారం తిరక్కుండా ఏకసభ్య విచారణ సంఘం దిగింది. ఆ సంఘం పేరు భుజంగరావు గారు. పెద్ద పదవుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తన్ను తాను "సంఘం" అనే చెప్పుకునేవారు. "సంఘానికి ఎండ తగులుతోంది, ఆ కిటికీ వెయ్యండి" అనేవారు. "సంఘం టీ పుచ్చుకోదు" అనేవారు.

సంఘం ముందు పోలమ్మ సాక్ష్యం నేను చెవులారా విన్నాను.

"ప్రమాదం ఉన్నదని ఆ ప్రసారంలో ఎవరైనా చెప్పారా?" అని అడిగారు భుజంగరావు గారు.

"నేదు బాబూ."

"భయపడవద్దనే కదా చెప్పారు?"

"అవును బాబూ."

"మరి ఎందుకు భయపడ్డారు?"

పోలమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "ఆపీసరు బయపడక్కర్నేదు అన్నాక ఇంట్లో ఎలా కూకుంటాం బాబూ? పిల్లాజెల్లా ఉన్నోళ్ళం."

స్టెనో రాయబోయి ఆగాడు. "సాక్షి అసంబద్ధముగా మాట్లాడినది అని రాసుకోండి" అన్నారు భుజంగరావు గారు.

నివేదిక మూడు నెలలకి వచ్చింది. నూట నలభై పేజీలు. సారాంశం మా డైరెక్టర్ ప్రకాశలింగం గారు నిలబడి చదివి వినిపించారు. ఆయన మంచివారు, కానీ ఏ కాగితమైనా నిలబడే చదువుతారు. "సదరు నాటికయందు కల్పితాధికారికిని వాస్తవాధికారికిని మధ్య అనుచిత సారూప్యము ఏర్పడినది. భయాందోళనలకు మూలకారణము ఇదియే. కావున ఇకమీదట కల్పితాధికారి ఏ విధముగను వాస్తవాధికారిని పోలి ఉండరాదు. వినిన తక్షణమే ఇది కల్పితమని పసిబిడ్డకు సైతము బోధపడవలెను."

"అంటే ఎలా రాయమంటారండీ?" అన్నాను.

"అనుబంధంలో ఉంది" అని పేజీ తిప్పారు. "కల్పితాధికారి ఫోను మొదటి గంటకే ఎత్తవలెను. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పవలెను. పొరపాటు జరిగినచో తనదేనని ఒప్పుకొనవలెను. సంఘటనాస్థలమునకు సంఘటనకు ముందే చేరుకొనవలెను."

ఆయన చదవడం ఆపి నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను. ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు. ఉద్యోగాలు అలాంటివి.

చివరి పేజీలో జగ్గునాయుడి సంగతి. అధికారిక స్వరమును అనుమతి లేకుండా కలిగియున్నందుకు అతణ్ణి మైకు దరిదాపులకి రానివ్వకూడదట. ఈ మాట చెప్పినప్పుడు అతను కందుల డబ్బా పక్కన నిలబడి ఉన్నాడు. ఏడ్చేశాడు. "ఆపీసులో ముప్పై ఏళ్ళు నా మాట ఎవుడూ ఇన్లేదు బాబూ. ఈ ఒక్క గదిలోనే ఇన్నారు" అన్నాడు. నాటిక రాసింది నేను, శిక్ష పడింది అతనికి. అప్పట్నుంచీ ప్రతి సోమవారం నిషేధం ఎత్తెయ్యమని ఓ అర్జీ పట్టుకొచ్చి మా వరండాలో కూర్చునేవాడు.

నేను మార్గదర్శకాల ప్రకారం రాయడం మొదలుపెట్టాను. మొదటి నాటికలో ఓ తాసీల్దారు రైతు ఇంటికి తనే వెళ్ళి పాసుపుస్తకం ఇచ్చి, ఆలస్యమైనందుకు చేతులు పట్టుకున్నాడు. రెండో దాంట్లో కరెంటాఫీసు ఇంజనీరు, తీగ తెగకముందే నిచ్చెన పట్టుకుని వచ్చాడు. పైనుంచి పరిశీలకులొచ్చి ఇంకా పదును పెట్టారు. వాన చప్పుడు నిజం వానలా ఉందని కందులు మాన్పించి పిల్లనగ్రోవి పెట్టించారు. కుక్క మొరిగితే ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయమన్నారు.

ఇక్కడ జరిగిన వింతేమిటంటే, జనానికి ఈ నాటికలు తెగ నచ్చాయి. పదహారేళ్ళలో రాని ఉత్తరాలు పదహారు వారాల్లో వచ్చాయి. ఏటొడ్డుపేట టీ కొట్టు దగ్గర ఆదివారం సాయంత్రం బెంచీలు చాలేవి కావు. రేడియోలో ఓ ఆఫీసరు "తప్పు నాదే" అన్నాడా, విరగబడి నవ్వేవారు. "మా బాగా రాస్తన్నారు బాబూ, స్వర్గంలో కత లాగ" అంది పోలమ్మ. ఏడాది తిరక్కుండానే, ఆఫీసరు సూటిగా మాట్లాడితే నాటకం, తిప్పితిప్పి మాట్లాడితే వార్తలు అని చంటిపిల్లలకి కూడా తెలిసిపోయింది. ప్రశంసాపత్రం అప్పుడే వచ్చింది. "వాస్తవ కల్పనల మధ్య స్పష్టమైన విభజన సాధించినందులకు" అని అందులో రాశారు. ప్రకాశలింగం గారు దానికి ఫ్రేము కట్టించారు.

మరుసటి అక్టోబరులో తుఫాను వచ్చింది. ఓ సోమవారం మధ్యాహ్నం రెండింటికి నా బల్ల మీద ఫోన్ మోగింది. కూర్మాన యశోద అని, సూదిగట్టు ప్రాజెక్టులో కొత్తగా చేరిన చిన్న ఇంజనీరు.

"సార్, మూడు గేట్లలో రెండు లేవడం లేదు. నీళ్ళు గట్టు అంచుకి వచ్చేశాయి. మట్టి జారుతోంది. ఇక రెండు గంటలు ఆగితే ఎక్కువ. మా సారు సమీక్షా సమావేశంలో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. నేను నేరుగా రేడియోలో చెప్పొచ్చా?"

ప్రకాశలింగం గారు చకచకా మార్గదర్శకాలు తిరగేశారు. నిజమైన అధికారి నిజం చెప్పకూడదని అందులో ఎక్కడా లేదు. ఎవరికీ ఆ అవసరం తట్టి ఉండదు. సినిమా పాట ఆపి ఫోన్ లైనుని ప్రసారంలోకి కలిపేశాం.

"నేను సూదిగట్టు ఇంజనీరు యశోదని. ఇది నిజం. రెండేళ్ళుగా గేట్లకి గ్రీజు పెట్టలేదు, అది మా తప్పే. గట్టు తెగబోతోంది. రెండు గంటల్లో ఏటొడ్డుపేట మునిగిపోతుంది. మీకు దండం పెడతాను, ఇప్పుడే బయల్దేరి మెట్ట మీదికి వెళ్ళిపోండి."

నేను వెంటనే ఏటొడ్డుపేట టీ కొట్టుకి ఫోన్ చేశాను. ఆ పేటకంతటికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. కొట్టువాడు ఎత్తాడు. వెనకాల ఒకటే నవ్వులు.

"బ్రమ్మాండం బాబూ! సోమారం కూడా ఏసీసినారేటి? ఆ ఇంజనీరు గుంట ఎవులో గాని మా బాగా సేసింది. గ్రీజు ఎట్టనేదంట! తప్పు మాదే అంట! నవ్వలేక సచ్చిపోతన్నాం."

"ఒరే నాయనా, నాటకం కాదురా. నిజంగా నీళ్ళొస్తున్నాయి. లెండి, వెళ్ళిపోండి!"

"మీరు కూడా సేస్తన్నారేటి? బాగుంది బాబూ, బాగుంది" అని ఫోన్ పెట్టేశాడు.

యశోద మూడుసార్లు చెప్పింది. మూడోసారి ఏడుస్తూ చెప్పింది. ఆ ఏడుపు బాగుందని ఇద్దరు శ్రోతలు మాకు ఫోన్ చేశారు. ఆరొందల గడప, అంతమందీ ట్రాన్సిస్టర్ల చుట్టూ కూర్చుని నవ్వుకుంటున్నారు. అలా నవ్వడం వాళ్ళకి నేర్పింది నేనే, వారం వారం, ఏడాది పాటు.

వరండాలో జగ్గునాయుడు లేచి నిలబడ్డాడు. సోమవారం కదా, అర్జీ పట్టుకుని ఉన్నాడు. జరిగిందంతా తలుపు దగ్గర్నుంచి విన్నాడు.

"బాబూ, ఇంటికాడ పోలమ్మకి మోకాలు వాసిపోయుంది. గమ్మున బయల్దేరితేనే గాని ఎక్కలేదు. నన్ను మైకు కాడికి ఒగ్గండి."

ప్రకాశలింగం గారు నిలబడ్డారు. "జగ్గునాయుడూ, మీపై నిషేధం అమలులో ఉన్నది. సడలింపుకు పైవారి అనుమతి..." అంటూనే పైవారికి ఫోన్ తిప్పారు. మోగింది. మోగింది. నిజమైన ఆఫీసు కదా, ఎవరూ ఎత్తలేదు. ఆయన గోడ మీది ప్రశంసాపత్రంకేసి ఓసారి చూశారు. ఆపైన నాకేసి చూసి, చాలా అధికారికంగా అన్నారు. "నేను జనరేటర్ గది తనిఖీకి వెళ్తున్నాను. పావుగంట పడుతుంది. ఈ పావుగంటలో ఇక్కడ ఏమి జరిగినా అది నా దృష్టికి రాలేదు."

ఆయన అటు వెళ్ళగానే నేను స్టూడియో తలుపు తీశాను. జగ్గునాయుడు మైకు ముందు నిలబడ్డాడు. "నానిప్పుడు నా పెళ్ళానికి అబద్దం సెప్పాల" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు, అంతే, పదకొండు మంది ఇంజనీర్లూ ఒక్కసారి గదిలోకి వచ్చినట్టయింది.

"సూదిగట్టు ప్రాజెక్టు వద్ద గేట్లన్నియు సక్రమముగా పనిచేయుచున్నవి. కొన్ని వర్గములు వ్యాపింపజేయుచున్న వదంతులను ప్రజలు నమ్మరాదు. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉన్నది. ముఖ్యముగా ఏటొడ్డుపేట వాసులు భయపడవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు."

నేను టీ కొట్టుకి మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తేవాడు లేడు.

నాలుగింటికి గట్టు తెగింది. ఐదింటికి ఏటొడ్డుపేటలో ఇళ్ళ కప్పులు కూడా కనబడలేదు. హైస్కూల్లో హాజరు పిలిచి చూసుకుంటే అందరూ ఉన్నారు. జగ్గునాయుడు పిచ్చివాడిలా గది గదికీ తిరిగి వెతికితే, పదో తరగతి బెంచీ మీద మోకాలికి గుడ్డ కట్టుకుని పోలమ్మ కనిపించింది. ఒళ్ళో ట్రాన్సిస్టరు.

"ఎలా వొచ్చీసినావే?"

"ఇంజనీరు బాబు జీపు ఎక్కీసినాను. సమావేశం ఒగ్గీసి ఆ బాబు కూడా లగెత్తుకొస్తన్నాడు. నీ మాట ఇన్నాడంట" అంది. "గేట్లన్నీ బాగున్నాయంటే ఇంకేటుంటాదని గుండె ఆగిపోనాది మావా" అని అతని చెయ్యి పట్టుకుంది.

విచారణ సంఘం మళ్ళీ వచ్చింది. అదే భుజంగరావు గారు, అదే కిటికీ. ముందు యశోద పని తేల్చేశారు. వాస్తవమును నాటకశైలిలో ప్రసారము చేసి, ఆపత్సమయమున ప్రజలకు వినోదము కలిగించినందుకు ఆ అమ్మాయిని సస్పెండ్ చేశారు. ఆ ఉత్తర్వు వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ నోరు విప్పలేదు. ఆ పిరికితనం నాకు ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొస్తుంది.

తర్వాత జగ్గునాయుణ్ణి పిలిచారు. నిషేధం ఉల్లంఘించడం, ఇంజనీరుగా నటించి ప్రజలకి అబద్ధం చెప్పడం, రెండూ నేరాలే. జైలు ఖాయమని ఊరంతా అనుకుంటోంది. పోలమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది.

"గేట్లు సక్రమంగా ఉన్నాయని చెప్పినది మీరేనా?"

"నానే బాబూ."

"అది అబద్ధమని తెలిసే చెప్పారా?"

"తెలిసే సెప్పినాను."

"భయపడవద్దని మీరు చెప్పగా ప్రజలు ఎందుకు పారిపోయారు?"

"మీరే సెప్పండి బాబూ" అన్నాడు జగ్గునాయుడు. దణ్ణం పెట్టే అన్నాడు.

స్టెనో పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. భుజంగరావు గారు జవాబు చెప్పబోయి నోరు తెరిచారు, మూశారు. ఆ జవాబు కాగితం మీద పెడితే ఇన్నేళ్ళుగా అన్ని ఆఫీసులూ ఇచ్చిన ప్రకటనలన్నీ దాని కిందకి వస్తాయి, ఆయన సంతకం చేసినవాటితో సహా. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చివరికి నివేదికలో కారణం రాయాల్సిన గడి ఖాళీగా వదిలెయ్యమని స్టెనోకి సైగ చేశారు. అది ఈనాటికీ ఖాళీగానే ఉంది.

ఆ తర్వాత ఆయన లేచి వచ్చి, సంఘంలా కాకుండా మామూలు మనిషిలా జగ్గునాయుడి భుజం మీద చెయ్యి వేశారు. నిజంగానే దయగా అన్నారు.

"ఇక మీరు ఇంటికి వెళ్ళవచ్చు. మీ విషయం పైవారు సానుభూతితో పరిశీలిస్తారు. మీరు భయపడవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు."

జగ్గునాయుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని గుమ్మం బయటికి లాక్కొచ్చాడు. పోలమ్మ కూడా ఆ మాట విన్నట్టుంది. అప్పటికే లేచి నిలబడి మూట చంకన పెట్టుకుంది.

"బాబూ, మీ ఎరికలో మంచి వకీలు ఎవులైనా ఉన్నారేటి?" అన్నాడు జగ్గునాయుడు.